ఫోన్ వ్యసనం: సర్వేలో ఏం అడగాలి, ఇంట్లో ఏం చూడాలి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మన జిల్లాలో ఫోన్‌కు బానిసలైనవాళ్లు ఇంతమంది అంటూ వాట్సాప్‌లో అంకెలు తిరుగుతున్నాయి. ప్రభుత్వం నిజంగా ఈ లెక్క తీసిందా?
– డిగ్రీ విద్యార్థిని, నల్లగొండ

జవాబు: ఎవరు, ఎప్పుడు, ఎంతమందిని, ఏ ప్రశ్నలు అడిగి తేల్చారో చెప్పని అంకెను పట్టించుకోకండి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో తెలంగాణ లేదు. 2025 జనవరి–మార్చిలో జాతీయ గణాంక కార్యాలయం చేసిన టెలికాం సర్వే దేశంలో 85.5 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉందని తేల్చింది. అది ఫోన్ ఉందా, వాడటం వచ్చా అని అడిగిన సర్వే. ఆ ఫోన్ వల్ల ఇంట్లో ఏం చెడిపోతోందో దాన్నిబట్టి తెలియదు.

దక్షిణ కొరియా ప్రభుత్వం 2004లో ఇంటర్నెట్ వ్యసనంతో మొదలుపెట్టి, తర్వాత ఫోన్‌నూ చేర్చి, ఏటా ఈ లెక్క తీస్తోంది. అక్కడ మూడు సంగతులు చూస్తారు: మిగతా పనులన్నిటికన్నా ఫోనే ముందుకొచ్చిందా, ఆపాలనుకున్నా ఆపలేకపోతున్నారా, దానివల్ల చదువో ఆరోగ్యమో ఇంట్లోవాళ్లతో సంబంధాలో దెబ్బతిన్నాయా. అదే దేశం 2011లో 16 ఏళ్లలోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా ఆన్‌లైన్ గేములు ఆడకుండా చట్టం తెచ్చింది. అది ప్రధానంగా కంప్యూటర్ గేములకే వర్తించింది, పిల్లలేమో ఫోన్‌కు మారిపోయారు. చివరికి 2022 జనవరి 1 నుంచి దాన్ని ఎత్తేశారు. సర్వే మాత్రం ఆపలేదు.

ప్రశ్న: మా మండలం హైస్కూళ్లలో 8 నుంచి 10 తరగతుల పిల్లలను సర్వే చేద్దామనుకుంటున్నాం. ఎంతమందిని అడిగితే సరిపోతుంది? ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ప్రధానోపాధ్యాయుడు, జడ్చర్ల

జవాబు: సమస్య 10 శాతం పిల్లల్లో ఉండొచ్చనుకుని, 3 శాతం అటూఇటూగా ఫలితం రావాలంటే 384 మంది కావాలి. కానీ మీరు పిల్లలను ఒక్కొక్కరిగా ఏరరు, తరగతికి తరగతినే కూర్చోబెడతారు. సోపతిగాళ్లంతా ఒకే గేమ్ ఆడతారు కాబట్టి ఒకే తరగతిలో జవాబులు ఒకేలా వస్తాయి. అందుకే సంఖ్యను రెట్టింపు చేయాలి: 768. పదిమందిలో ఒకరు ఆరోజు బడికి రాకపోవడమో, కాగితం సగంలో వదిలేయడమో జరుగుతుంది. కాబట్టి 855 మందిని లెక్కలో పెట్టుకోండి. సెక్షన్లను చీటీలు వేసి తీయండి. బాగా చదివే సెక్షన్‌ను ముందుకు తోస్తే సర్వే మొదట్లోనే పాడవుతుంది.

అంతకన్నా పెద్ద నష్టం గదిలో జరుగుతుంది. టీచరు బెంచీల మధ్య తిరుగుతుంటే, రాత్రి రెండింటిదాకా ఆడానని ఏ పిల్లాడూ రాయడు. ఇన్విజిలేటర్‌గా ఆ బడికి సంబంధం లేనివాళ్లు ఉండాలి. కాగితం మీద పేరు, రోల్ నంబరు వద్దు. మడిచి డబ్బాలో వేయించండి. తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోండి, వద్దన్న పిల్లలను వదిలేయండి. దసరా, సంక్రాంతి సెలవులు ముగిసిన వారంలోనూ పరీక్షల ముందూ పెట్టకండి. గురుకులం పిల్లలను విడిగా లెక్కించండి: హాస్టల్లో ఫోన్ ఉండదు, సెలవుల్లో ఇంటికొస్తే వదలరు. వాళ్ల అంకెను మిగతావాళ్లతో కలిపితే రెండూ తప్పుగా కనిపిస్తాయి.

ఇక ఫలితం సంగతి. ప్రశ్నాపత్రం జల్లెడ మాత్రమే, రోగనిర్ధారణ కాదు. మచ్చుకు, 1000 మందిలో నిజంగా 50 మందికి సమస్య ఉందనుకోండి. నూటికి 90 సార్లు సరిగ్గా చెప్పే పత్రమైతే వాళ్లలో 45 మందిని పట్టుకుంటుంది. కానీ ఏ ఇబ్బందీ లేని 950 మందిలో 95 మందిని కూడా అనుమానితుల్లో చేరుస్తుంది. అంటే పట్టుబడిన 140 మందిలో 95 మందికి ఏమీ లేదు! ఈ లెక్క తెలియకుండా ‘మన బడిలో 14 శాతం వ్యసనపరులు’ అని పత్రికకు చెప్పడం పిల్లలకు అన్యాయం. పేర్లు లేవు కాబట్టి ఎవరికి సాయం కావాలో మీకు తెలియదు. అందుకని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉన్న చీటీ ప్రతి పిల్లాడికీ ఇవ్వండి.

ప్రశ్న: ఇంటింటి సర్వేకు పోతే పదకొండు గంటలకు ముసలోళ్లే ఉంటున్నారు. వాళ్లనే అడిగి రాసుకోవచ్చా?
– ఆశా కార్యకర్త, అచ్చంపేట

జవాబు: వద్దమ్మా. ఇంకొకరి ఫోన్ అలవాటును ఇంకొకరు చెప్తే అది వాళ్ల కోపమో, ముద్దో అవుతుంది. సాయంత్రం 6 నుంచి 8 మధ్య మళ్లీ పోండి. మూడుసార్లు పోయినా దొరకకపోతే ‘దొరకలేదు’ అని రాయండి, పక్కింటివాళ్లను తెచ్చి ఆ గడి నింపకండి. వలసపోయి తాళం వేసిన ఇళ్లనూ అలాగే రాయండి. పాలమూరులో ఆ ఇళ్లను వదిలేస్తే పనికి పోయిన యువకులు లెక్కలోనే ఉండరు. ఇంట్లో ఒకే ఫోన్‌ను నలుగురు వాడితే, ఎవరు ఏ వేళ వాడతారో విడివిడిగా అడగండి.

ప్రశ్న: మా బాబు పదో తరగతి. రోజుకు ఐదు గంటలు ఫోన్లోనే ఉంటడు. గుంజుకుంటే గిన్నెలు విసిరికొడతడు. ఇది వ్యసనమేనా?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: గంటలు చూసి ఏ డాక్టరూ తేల్చరమ్మా. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ రుగ్మతను 2022 జనవరి నుంచి అమలైన తన వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆట మీద అదుపు పోవడం, మిగతా పనులకన్నా ఆటే ముఖ్యం కావడం, నష్టం కనిపిస్తున్నా ఆపకపోవడం – ఈ మూడూ ఉండి, చదువో ఇల్లో గట్టిగా దెబ్బతిని, మామూలుగా 12 నెలలు సాగితేనే ఆ పేరు పెడతారు.

ముందు ఏడు రోజులు రాయండి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిస్తే ఏ యాప్ ఎన్ని నిమిషాలు వాడారో, ఫోన్ ఎన్నిసార్లు అన్‌లాక్ అయిందో కనిపిస్తుంది. అది బాబు ఒక్కడి ఫోన్ కాకపోతే ఆ అంకె అందరిదీ. పక్కనే నిద్రపోయిన వేళ, తప్పిన భోజనం, బడి ఎగ్గొట్టిన రోజు రాయండి. ఆట మధ్యలో గుంజుకోకండి. జట్టుతో ఆడే ఆట మధ్యలో వదిలేస్తే అవతలివాళ్లు తిడతారు, ఆ కోపం మీ మీదికి వస్తుంది. ఆట అయ్యేదాకా ఆగి, రాత్రి పదింటికి ఛార్జర్‌తో సహా ఫోన్ హాల్లోకి తెచ్చే నియమం పెట్టండి, అమ్మానాన్నల ఫోన్లతో కలిపి. నిద్ర కుదుటపడితే చికాకు చాలావరకు తగ్గుతుంది. తగ్గకపోతే ఆ కాగితం తీసుకుని నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి మానసిక విభాగం ఓపీకి పోండి. దిగులో, ఏకాగ్రత కుదరని సమస్యో లోపల ఉండి ఫోన్‌లో తలదాచుకునే పిల్లలుంటారు. దాన్ని పట్టుకోకుండా ఫోన్ ఒక్కటే దాచిపెడితే లాభం లేదు.

ప్రశ్న: ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగ్ ఆడినట్టు సర్వేలో చెప్తే కేసవుతుందా?
– పేరు రాయని పాఠకుడు, సూర్యాపేట

జవాబు: పేరు అడగని సర్వే కాగితంతో మిమ్మల్ని గుర్తుపట్టలేరు. తెలంగాణ 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం దేశమంతటా ఆపింది. కేంద్ర చట్టంలోని శిక్షలు ఆట నడిపేవాళ్లకు, ప్రకటనలు చేసేవాళ్లకు, డబ్బు మళ్లించేవాళ్లకు. వైద్యుల లెక్కలో ఇది గేమింగ్ కాదు, జూదపు రుగ్మత. చికిత్సా వేరు. అందుకని రెండిటినీ ఒకే గడిలో రాయించే ప్రశ్నాపత్రం ఇస్తే, ‘డబ్బు పెట్టి ఆడాను’ అని పక్కన రాయండి. అప్పు పెరిగి నిద్ర పట్టకపోతే సర్వే వచ్చేదాకా ఆగకండి. టెలీ మానస్ 14416కు ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. డబ్బు మోసంగా పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు కాల్ చేసి, లావాదేవీ నంబరు, తేదీ, మొత్తం చెప్పండి.