నాయనమ్మ చేపల గంప, మనవడి ప్రశ్న

ప్రశ్న: మాది విశాఖ పెదజాలరిపేట. మా అత్తయ్య నలభై ఏళ్లుగా ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని వీధుల్లో అమ్ముతోంది. మా ఆయన బోటు మీదికి వెళ్తాడు. మా అబ్బాయికి పందొమ్మిదేళ్లు, ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడి ఇంటర్ ఫీజులు అత్తయ్యే కట్టింది. నాలుగు నెలలుగా వాడు చేప, కోడి, గుడ్డు ముట్టడం లేదు. మొన్న ఆదివారం అత్తయ్య వాడి కంచంలో వంజరం ముక్క వేయబోతే, "శవాలు అమ్మే చేత్తో నాకు వడ్డించకు" అన్నాడు. "మొక్కలకి మాత్రం ప్రాణం లేదేంట్రా" అంటూ మా ఆయన చెయ్యెత్తాడు. అప్పటి నుంచి అత్తయ్య వాడికి వడ్డించడం లేదు, మాట్లాడటం లేదు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ముందు మీ ఆయన మాట సంగతి చూద్దాం. మొక్కలకు ప్రాణం ఉంది, నిజమే. అవి స్పందిస్తాయని జగదీశ్ చంద్రబోస్ వందేళ్ల కిందటే అత్తిపత్తి లాంటి మొక్కల మీద పరీక్షలు చేసి చూపించారు. కానీ స్పందించడం వేరు, నొప్పి పడటం వేరు. మొక్కకు నాడులు లేవు, మెదడు లేదు. చేపకు రెండూ ఉన్నాయి. దెబ్బను పసిగట్టే నాడులు చేపల్లో ఉన్నాయని 2003లో ట్రౌట్ చేపల మీద చేసిన పరిశోధనలో తేలింది. అది మన నొప్పిలాంటిదేనా అన్న చర్చ ఇంకా సాగుతోంది గానీ, గిలగిల్లాడే చేపను చూసి మీ వాడి మనసు కలుక్కుమంటే అది పిచ్చి కాదు. పైగా ఫారం కోడి పెరిగేది మొక్కజొన్న, సోయా తిని. మొక్కల మీద జాలిపడి చికెన్ తింటే పోయే మొక్కలు ఇంకా ఎక్కువే. ఆ వాదనతో వాడి నోరు మూయించలేరు. ఆ వయసు కుర్రాడి మీద చెయ్యెత్తితే రేపు వాడు ఇంట్లో ఏ సంగతీ చెప్పడు. ఈ మాట మీ ఆయనకు మీరే చెప్పాలి.

నేను చేపలు తింటాను. మీ వాడి ప్రశ్న నాకూ తగిలింది. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

కానీ వాడు అన్న మాట తప్పు. ఇది మాత్రం మెత్తగా చెప్పకండి. వరిచేలో మందు కొడితే పురుగులు చస్తాయి, ఎలుకల్ని పట్టి చంపుతారు. వాడు తినే అన్నం వెనక కూడా చావులున్నాయి, ఎవరి కంచమూ కడిగిన ముత్యం కాదు. తక్కువ బాధపెట్టే తిండి వెతుక్కోవడం మంచి పనే, వెతుక్కోనివ్వండి. కానీ నాయనమ్మ చేతిని ఒకసారి దగ్గరగా చూడమనండి. గోళ్ల సందున ఎండిన పొలుసు, ముళ్లు గుచ్చుకున్న చోట మచ్చలు ఉంటాయి. వాడి ఫీజు నోట్లు లెక్కపెట్టింది ఆ వేళ్లే.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేట ఆపేస్తారు. ఆ రోజుల్లో ఇల్లు ఎలా గడిచిందో వాడు ఎప్పుడైనా ఆవిడను అడిగాడా? చేప ప్రాణం గురించి ఆవిడేమనుకుంటుందో అడిగాడా? అడిగి, మధ్యలో తన మాట దూర్చకుండా వినమనండి.

క్షమాపణ కోసం ఇంట్లో పంచాయితీ పెట్టొద్దు. నిండు గంప నెత్తికెత్తుకోవాలంటే ఎవరో ఒకరు చెయ్యి వేయాలి. ఒక తెల్లవారుజామున వాడే హార్బర్‌కి వెళ్లి, ఆవిడ చుట్టకుదురు సర్దుకున్నాక గంప అంచు పట్టుకుని ఎత్తితే, చెప్పాల్సిన రెండు మాటలూ అక్కడే చెప్పొచ్చు. చేప ముట్టుకోవాల్సిన పని కూడా లేదు.

ఇక తిండి. పప్పు, శనగలు, పల్లీలు రోజూ ఉండేలా చూడండి. మొక్కల నుంచి బి12 విటమిన్ అందదు. పాలు, పెరుగు తీసుకుంటే కొంత వస్తుంది. అవీ మానేస్తే డాక్టర్‌ని అడిగి మాత్ర వాడాలి. విడి పొయ్యి, విడి గిన్నెలు అంటూ రభస అక్కర్లేదు, పులుసు గరిట పప్పులో పెట్టకపోతే చాలు.

వచ్చే ఆదివారం వాడి కూర మాత్రం మీరు వండకండి, అత్తయ్యను వండమనండి. చింతకాయ పప్పో, ఆనపకాయ కూరో, చిన్నప్పుడు వాడు మారు అడిగి వేయించుకున్నదేదో ఆవిడకే గుర్తుంటుంది.