బీచ్‌కి వెళ్లండి, మీ కార్డు మాత్రం గీకకండి

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. డాలస్‌లో ఎంఎస్ చేసి, ఓపీటీ (చదువయ్యాక కొన్నాళ్లు పని చేసుకోనిచ్చే అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నాను. చేతికి నెలకు 4,100 డాలర్లు వస్తాయి, 2,300 ఖర్చవుతాయి. ఎడ్యుకేషన్ లోన్ ఇంకా 38 లక్షలు ఉంది. వడ్డీ 11.25 శాతం, ఈఎంఐ 53 వేలు. నెలకు 1,500 డాలర్లు నాన్నకు పంపుతున్నాను. ఈఎంఐ పోగా మిగిలింది ఆయన అసలుకి కడుతున్నారు. నా ఖాతాలో 2,600 డాలర్లు ఉన్నాయి. లేబర్ డే వీకెండ్‌కి ఎనిమిది మందిమి టెక్సస్ దక్షిణ కొసన ఉన్న సౌత్ పాడ్రే ఐలాండ్ బీచ్‌కి వెళ్దామనుకుంటున్నాం. మనిషికి 700 డాలర్లు అవుతుంది. ఇల్లు, వ్యాన్ కలిపి 3,900 ముందే కట్టాలి. నా కార్డు లిమిట్ 6,000 కాబట్టి నన్నే బుక్ చేయమంటున్నారు, తర్వాత ఇచ్చేస్తారట. ఇంత అప్పు నెత్తిన పెట్టుకుని బీచ్ షికారేమిటని మనసు పీకుతోంది. వెళ్లనా, మానేయనా?

జవాబు: వెళ్లండి. 700 డాలర్లంటే, డాలరు 90 రూపాయల లెక్కన 63 వేలు. మీ మనసు పీకుతున్నది ఈ అంకె చూసే. ఊళ్లో అది ఒక మనిషి రెండు మూడు నెలల జీతం, కాదనను. కానీ మీరిప్పుడు పంపుతున్నట్టే నెలకు 1,35,000 కడుతూ పోతే మీ అప్పు సుమారు 33 నెలల్లో తీరుతుంది. ఈ 63 వేలు అసలుకి కట్టకుండా ఖర్చు పెట్టేస్తే, దాని మీద పెరిగే వడ్డీతో సహా లెక్కేసినా అప్పు తీరడం దాదాపు మూడు వారాలు ఆలస్యమవుతుంది. అంతే. రెండేళ్లు గదికీ లైబ్రరీకీ మధ్య తిరిగిన కుర్రాడికి మూడు రోజుల సముద్రం అంత ఖరీదు చేస్తుందనే నా అభిప్రాయం. మెమోరియల్ డే, జులై 4, లేబర్ డే, థాంక్స్‌గివింగ్ అని ప్రతి లాంగ్ వీకెండ్‌కీ బయల్దేరితే మాత్రం ఏడాదికి రెండున్నర నెలలు వెనకబడతారు. ఏడాదికి ఒకటి పెట్టుకోండి.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ట్రిప్ కాదు, ‘తర్వాత ఇచ్చేస్తారట’ అన్న మాట. నేనూ కుర్రతనంలో అరకు వెళ్లే బ్యాచ్ మొత్తానికి టికెట్లు తీశాను. ఒకడి బాకీ ఇప్పటికీ రాలేదు, వాడి పెళ్లికి మాత్రం చదివింపులు కూడా ఇచ్చి వచ్చాను. నాది రూపాయల్లో పోయింది. మీది క్రెడిట్ కార్డు.

3,900 గీకితే ఒక శాతం క్యాష్‌బ్యాక్ చొప్పున మీకొచ్చేది 39 డాలర్లు. ‘పాయింట్లు నీకే కదరా’ అంటారు చూడండి, ఆ పాయింట్ల విలువ అది. గడువులోగా సగం మందే ఇచ్చి 2,000 బాకీ మిగిలిపోతే, 26 శాతం వడ్డీ ఉన్న కార్డులో నెలకే 43 డాలర్లు పోతాయి. అంతటితో ఆగదు. బిల్లు పూర్తిగా కట్టకపోతే వడ్డీ లేని గడువు కూడా పోతుంది. ఆ తర్వాత మీరు కొన్న పాల డబ్బాకి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. పైగా స్టేట్‌మెంట్ రోజున లిమిట్‌లో 65 శాతం వాడినట్టు కనబడి మీ క్రెడిట్ స్కోరు తగ్గుతుంది. బాకీ కట్టేశాక మళ్లీ లేస్తుందనుకోండి, కానీ ఆ నెలలోనే మీరు అపార్ట్‌మెంట్ మారాలన్నా, కారు లోన్ తీసుకోవాలన్నా చిక్కే.

కాబట్టి ఈ రాత్రే గ్రూపులో పెట్టండి: ‘ఒక్కొక్కరు 490 డాలర్లు ఆదివారంలోగా నా ఖాతాకి జెల్ యాప్‌లో పంపండి. ఎనిమిది మందివీ వచ్చాకే బుక్ చేస్తాను. తర్వాత ఎవరైనా మానుకుంటే, బదులు మనిషిని వాళ్లే వెతకాలి.’ ఒకరిద్దరు ముఖం ముడుచుకుంటారు. ఇవ్వలేనివాళ్లు ఎవరో ఇప్పుడే తేలడం మంచిది, నెలాఖరున కాదు. తిండికీ, పెట్రోలుకీ అయ్యే ఖర్చులు స్ప్లిట్‌వైజ్ అనే లెక్కల యాప్‌లో రాసుకుంటే చాలు.

వ్యాన్ మాత్రం మీ పేరు మీద అసలే వద్దు. 25 ఏళ్ల లోపు వాళ్ల దగ్గర అద్దె కంపెనీలు సాధారణంగా రోజుకింత అదనంగా వసూలు చేస్తాయి. గుంపులో 25 దాటినవాళ్లు, మీరు పోగుచేసిన డబ్బులోంచే, తీసుకోవాలి. వాళ్ల కార్డుకి రెంటల్ కవరేజీ (అద్దె బండి బీమా) ఉన్నా అది అద్దె బండికి జరిగిన నష్టానికే. ఎదుటి బండికి, ఎదుటి మనిషికి తగిలితే అది పనికిరాదు. పెద్ద ప్యాసింజర్ వ్యాన్లను చాలా కార్డులు అసలు లెక్కలోకే తీసుకోవు. ఎదుటివాళ్ల నష్టానికి పనికొచ్చే లయబిలిటీ ఇన్సూరెన్స్ గురించి కౌంటర్ దగ్గర అడగండి, దాని ఖర్చు కూడా ఎనిమిదితో భాగించండి. వెళ్లడానికే ఎనిమిది, తొమ్మిది గంటల డ్రైవింగ్. అర్ధరాత్రి అలసిపోయి, అగ్రిమెంటులో పేరు లేనివాడికి స్టీరింగ్ ఇచ్చారో, కవరేజీ సాధారణంగా నిలబడదు. ఇద్దరి పేర్లు ముందే రాయించండి.

లేబర్ డే అంటే సెప్టెంబరు మొదటి సోమవారం. అట్లాంటిక్ హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా ఉంటుంది, సెప్టెంబరు నడిమి రోజులే దానికి ఉచ్ఛదశ. ఇల్లు బుక్ చేసేటప్పుడు క్యాన్సిలేషన్ షరతులు ఒకసారి చదవండి. తుపానుకి పేరు పెట్టాక కొన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ ఆ తుపానుకి వర్తించదు. ఖర్చు తగ్గాలంటే గాల్వెస్టన్ బీచ్ ఉంది. డాలస్ నుంచి సుమారు 290 మైళ్లు, ఎదురుగా ఉన్న బొలివర్ తీరానికి వెళ్లే ఫెర్రీ కూడా ఉచితం. నీళ్లు మాత్రం వరద గోదావరి రంగులో ఉంటాయి, ఫొటోల కోసం వెళ్లేవాళ్లు నిరాశపడతారు.

ఇక మీరు అడగని సంగతి. మీ బలహీనత ఆ 38 లక్షలు కాదు, ఖాతాలో ఉన్న 2,600. ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు మించకూడదు. రేపు ఉద్యోగం పోతే ఆ మూడు నెలలకి మీ ఖర్చులు 6,900, ఈఎంఐలు ఇంకో 1,800 దాకా, కలిపి 8,700 కావాలి. మీ దగ్గరున్నది అందులో మూడో వంతు కూడా లేదు. అసలుకి కట్టిన డబ్బు బ్యాంకు వెనక్కివ్వదు. అందుకే ఏడు నెలల పాటు నాన్నగారికి 1,500 బదులు 900 పంపండి. ఈఎంఐ పోగా ఇంకో 28 వేలు అసలుకి జమ అవుతూనే ఉంటాయి. ఇప్పుడు మిగులుతున్న 300తో కలిసి మీకు నెలకు 900 మిగులుతుంది, ట్రిప్ ఖర్చు పోయినా ఏడు నెలలకి 8,200 పోగవుతాయి. నాన్నగారికి ఫోన్ చేసి ఎందుకో చెప్పండి. చెప్పకుండా తగ్గిస్తే ఆయన ఇంకేదో ఊహించుకుని టెన్షన్ పడతారు.

ఒకటి మరిచాను. పాడ్రే నుంచి తిరిగొచ్చేటప్పుడు 77 హైవే మీద సరీటా దగ్గర సరిహద్దు గస్తీ పోలీసుల చెక్‌పోస్టు ఉంది. పాస్‌పోర్టు, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చిన వీసా పత్రం), ఓపీటీ కార్డు డాలస్‌లో సూట్‌కేసులో వదిలేసి వెళ్లకండి.