బాల్కనీకి చేరిన సైకిల్‌ను మళ్ళీ రోడ్డెక్కించేదెలా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నా వయసు 43 ఏళ్ళు. విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగిని. నిరుడు సంక్రాంతికి గేర్ సైకిల్ కొన్నాను. ఆరు నెలల్లో 12 కిలోల బరువు తగ్గాలనీ, ఆర్.కె. బీచ్ నుంచి భీమిలి వెళ్ళి వచ్చే దారిలో గంటకు సగటున 25 కిలోమీటర్ల వేగం అందుకోవాలనీ కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నాను. మూడు నెలలు క్రమం తప్పకుండా వెళ్ళాను. బరువు రెండు కిలోలు తగ్గి అక్కడే ఆగింది, వేగం 21 దాటలేదు. నాతోపాటు మొదలుపెట్టిన మిత్రులు యాప్‌లో 27, 28 చూపిస్తుంటే సిగ్గనిపించి మానేశాను. ఇప్పుడు సైకిల్ బాల్కనీలో ఉంది, దాని హ్యాండిల్ మీద తువ్వాళ్ళు ఆరేస్తున్నాం. మా ఆవిడ నన్ను ఆరంభశూరుడంటోంది. మళ్ళీ ఉత్సాహం ఎలా తెచ్చుకోవాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మూడు నెలలపాటు తెల్లవారుజామున లేచి వెళ్ళినవారిని ఆరంభశూరుడనడం న్యాయం కాదని మీ శ్రీమతికి మా మాటగా చెప్పండి. మీరు గోడకు అంటించుకున్న రెండు లక్ష్యాలూ మీ చేతిలో లేనివి కావడమే అసలు చిక్కు.

ముందుగా వేగం సంగతి చూద్దాం. సైకిల్ వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చుకుని వెళ్ళడానికి కావలసిన శక్తి ఆ వేగపు ఘనం చొప్పున పెరుగుతుంది. అంటే గంటకు 20 కిలోమీటర్ల నుంచి 24కి చేరాలంటే, వేగం పెరిగింది అయిదో వంతే అయినా, గాలి కోసం వెచ్చించవలసిన శక్తి దాదాపు 70 శాతం పెరుగుతుంది. మీ బీచ్ రోడ్డు నైరుతి నుంచి ఈశాన్యానికి సాగే దారి కనుక, నైరుతి గాలి వీచే నెలల్లో భీమిలి వెళ్ళేటప్పుడు గాలి వీపును తోస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు ముఖాన కొడుతుంది. వెళ్ళేటప్పుడు కలిసొచ్చిన సమయం కంటే వచ్చేటప్పుడు పోయే సమయమే ఎక్కువ కాబట్టి సగటు ఎప్పుడూ దెబ్బతింటుంది. సన్నని టైర్లున్న రోడ్ సైకిల్ మీద, పదిమంది గుంపులో ఒకరి వెనుక ఒకరుగా గాలి చాటున వెళ్ళే మీ మిత్రుడి 27నూ, వెడల్పాటి టైర్లతో ఒంటరిగా వెళ్ళిన మీ 21నూ ఒకే పట్టికలో పెట్టి చూపే యాప్‌కు ఈ తేడా ఏదీ తెలియదు. తెలియనిదాని తీర్పుకు మీరు సిగ్గుపడడం మాకు విచిత్రంగా తోచింది.

ఇక బరువు. మధ్యస్థమైన వేగంతో గంటసేపు తొక్కితే ఖర్చయ్యేది, మనిషి బరువును బట్టి, సుమారు 400 నుంచి 500 కేలరీలు. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి. ఆకలి మీద ఇంటికి వస్తూ దారిలో ఆగి తిన్న రెండు మసాలా దోసెలు ఆ గంట కష్టాన్ని దాదాపుగా చెల్లుకు చెల్లు చేసేస్తాయి. బరువు తగ్గడం ప్రధానంగా కంచం దగ్గర తేలవలసిన విషయం. సైకిల్ గుండెకూ, ఊపిరితిత్తులకూ, నిద్రకూ, రక్తపోటుకూ చేసే మేలు త్రాసు మీద కనబడదు. కనబడని మేలును త్రాసుతో కొలుచుకున్నారు కాబట్టే ఆ మూడు నెలలూ మీకు దండగ అనిపించాయి.

మరి లక్ష్యం ఎలా ఉండాలి? రాత్రి పడుకునేటప్పుడు, ఈ రోజు అది నెరవేరిందా లేదా అని అవును, కాదులలో చెప్పుకోగలిగేదిగా, ఆ జవాబు గాలి మీదో, మిత్రుల మీదో కాక మీ మీదే ఆధారపడేదిగా ఉండాలి. మొదటి ఆరు వారాలకు మీకు మేము సూచించేది ఒక్కటే: వారానికి నాలుగు సార్లు సైకిల్ ఎక్కండి, దూరమూ వేగమూ చూడకండి. ఇరవై నిమిషాలకే తిరిగి వచ్చినా ఆ రోజు లెక్కలోకి వస్తుంది. యాప్‌ను తీసేసి, వంటింటి క్యాలెండర్‌లో ఆ తేదీకి సున్నా చుట్టండి. నాలుగు కుదరని వారంలో రెండైనా చుట్టండి, కాని తప్పిపోయిన రెండింటిని పై వారానికి బాకీగా మోయకండి. బాకీ పేరుకున్న కొద్దీ సైకిల్ మళ్ళీ బాల్కనీ దారి పడుతుంది.

ఆరు వారాల తర్వాత కొలత కావాలనిపిస్తే, మీ ఊళ్ళోనే కైలాసగిరి ఉంది. నెలకొకసారి, గాలి లేని ఉదయం, ఒకే చోట మొదలుపెట్టి ఒకే చోట ఆపుతూ ఆ ఘాట్ రోడ్డు ఎక్కండి. ఎక్కుడులో వేగం తక్కువ కాబట్టి గాలి ప్రభావం తగ్గుతుంది, మీ బరువుకూ మీ కాళ్ళకూ మధ్య వ్యవహారమే మిగులుతుంది. పట్టిన సమయంతోపాటు పైకి చేరగానే నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో రాసుకోండి. అదే సమయంలో ఎక్కినా గుండె కొట్టుకోవడం తగ్గిందంటే మీరు బలపడినట్లే. పొద్దున నిద్ర లేవగానే, మంచం దిగకముందు చూసుకునే నాడి లెక్క కూడా ఇదే కథను కొంచెం నెమ్మదిగా చెబుతుంది. అయితే వయసు నలభై దాటింది కనుక, గుట్ట ఎక్కేముందు ఒకసారి వైద్యుణ్ణి కలిసి రక్తపోటు, గుండె పరీక్షలు చేయించుకోండి.

దీర్ఘకాలానికి మరొక లెక్క ఉంది, మాకు చాలా ఇష్టమైనది. 1919 సూర్యగ్రహణాన్ని పరిశీలించి ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి బలం చేకూర్చిన ఖగోళ శాస్త్రవేత్త ఆర్థర్ ఎడింగ్టన్ సైకిల్ ప్రియుడు కూడా. ఆయన పేరుతోనే ఎడింగ్టన్ సంఖ్య అనే కొలత నిలిచింది. కనీసం 20 కిలోమీటర్ల చొప్పున 20 వేర్వేరు రోజులు తొక్కి ఉంటే మీ సంఖ్య 20. దాన్ని 21కి పెంచాలంటే, సరిగ్గా 20 కిలోమీటర్లు తొక్కిన రోజులన్నీ లెక్కలోంచి జారిపోతాయి, 21 అందుకున్న రోజులు 21 కావాలి. 1944లో కన్నుమూసేనాటికి ఎడింగ్టన్ సంఖ్య, మైళ్ళలో, 84. ఖరీదైన సైకిల్ కొని ఒక్క ఆదివారంలో దీన్ని పెంచుకోలేరు, ఒకసారి పెరిగాక ఎన్నాళ్ళు విరామమిచ్చినా తగ్గదు. జ్వరం వచ్చి నెల్లాళ్ళు మానేసినవారిని కూడా ఈ లెక్క చిన్నబుచ్చదు. మీ మూడు నెలల పాత ప్రయాణాలు ఫోన్‌లో ఇంకా ఉండే ఉంటాయి. లెక్కవేసి చూసుకోండి, మీరు సున్నా నుంచి మొదలుపెట్టడం లేదని తెలుస్తుంది.

ప్రశ్న: నాకు 58 ఏళ్ళు. ఉపాధ్యాయినిగా పదవీ విరమణకు దగ్గర్లో ఉన్నాను. మధుమేహానికి మాత్రలు వేసుకుంటున్నాను. చిన్నప్పుడు వచ్చిన సైకిల్‌ను మళ్ళీ మొదలుపెట్టాను. రోజుకు ఎంత తొక్కితే ఫలితం ఉంటుంది? ఏ లక్ష్యం పెట్టుకోవాలి?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థమైన శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఒకేసారి ఇంతసేపు చేస్తేనే లెక్క అన్న నియమాన్ని 2020 మార్గదర్శకాల్లో తీసేశారు కనుక, మీరు బడికి వెళ్ళి వచ్చే పదేసి నిమిషాలు కూడా కలుస్తాయి. మధ్యస్థం అంటే ఏమిటో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు: పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

మీకు అమరిన లక్ష్యం మీ చికిత్సలోనే ఉంది. హెచ్‌బీఏ1సీ పరీక్ష గత రెండు మూడు నెలల చక్కెర స్థాయిని చూపిస్తుంది. కాబట్టి ఇవాళ చేయించిన పరీక్షకూ, మూడు నెలల తర్వాత చేయించే పరీక్షకూ నడుమ ఎన్ని నిమిషాలు తొక్కారో ఒక నోటుపుస్తకంలో రాసి, రెంటినీ వైద్యునికి చూపండి. కొన్ని రకాల మాత్రలతో వ్యాయామ సమయంలో చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది. మీవి ఆ కోవకు చెందినవేమో ముందే అడగండి, గ్లూకోజు పొడి దగ్గర ఉంచుకోండి, కళ్ళు తిరిగినా చెమటలు పట్టి చేతులు వణికినా వెంటనే దిగిపోండి. ఇంకొక మాట: సైకిల్ మీద శరీరం బరువును సీటు మోస్తుంది కనుక మోకాళ్ళకు హాయే గాని ఎముకలకు తగిన పని దొరకదు. వారంలో రెండు రోజులు కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం వంటి కండర వ్యాయామాలు కూడా చేయండి.

ప్రశ్న: డిసెంబరులో 200 కిలోమీటర్ల బీఆర్‌ఎం (నిర్ణీత గడువులోగా ముగించవలసిన సుదూర సైకిల్ ప్రయాణం) పూర్తి చేయాలని ఉంది. ప్రస్తుతం ఆదివారం 40 కిలోమీటర్లు తొక్కగలను. ఇంకా నాలుగు నెలలుంది. మధ్యలో నీరసపడిపోతానేమోనని భయం.
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఫ్రాన్సులోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నియమాల మీద నడిచే ఈ ప్రయాణాల్లో మొదటి స్థానం, రెండవ స్థానం అన్నవి ఉండవు. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాల గడువు, టీకి ఆగిన సమయం కూడా అందులోనే. అంటే విరామాలతో కలిపి గంటకు 15 కిలోమీటర్ల లోపే, ఇది వేగానికి పెట్టిన పరీక్ష కాదు. 300, 400, 600 కిలోమీటర్ల సంగతి మిత్రులు చెబుతారు, వాటిని ఇప్పుడు చెవిన వేసుకోకండి.

ఆదివారపు దూరాన్ని వారానికి పది పదిహేను కిలోమీటర్లు పెంచుతూ, ప్రతి నాలుగో వారం తగ్గించండి. ప్రయాణానికి రెండు వారాల ముందు 140 దాకా వెళ్ళగలిగితే మిగతాది ఓపికా, తిండీ చూసుకుంటాయి. పనిరోజుల్లో ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి 2023లో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సౌరఫలకాల సైకిల్ దారి మంచిదే, కాని పైకప్పు నీడకు మాత్రమే అలవాటుపడితే డిసెంబరు మధ్యాహ్నం కూడా ఎండ చురుక్కుమంటుంది. కొన్ని ఆదివారాలు వికారాబాద్ అనంతగిరి వైపు వెళ్ళండి.

నీరసం రాకుండా ఒక్కో నెలకు ఒక్కో చిన్న లక్ష్యం పెట్టుకోండి. మొదటి నెల, ఆకలి వేయకముందే గంటకొకసారి ఒక అరటిపండో, రెండు ఖర్జూరాలో తినడం. రెండవ నెల, ఏ విరామమూ పది నిమిషాలు దాటకుండా చూసుకోవడం. మూడవ నెల, చీకట్లో దీపాలతో, మెరిసే చొక్కాతో ప్రయాణించడం. నాలుగవ నెల, పంక్చరైన ట్యూబును పావుగంటలో మీరే మార్చుకోవడం. దీనికి ముందు చక్రంతో సరిపెట్టుకోకండి. గొలుసూ గేర్లూ ఉండే వెనుక చక్రంతోనే, మీ గదిలో దీపం ఆర్పి సాధన చేయండి.