నిష్పత్తి లెక్కల్లో వేగం ఎలా?

ప్రశ్న: బీకాం పూర్తిచేసి బ్యాంకు ఉద్యోగాల కోసం ఐబీపీఎస్ క్లర్క్ పరీక్షకు సిద్ధమవుతున్నాను. నిష్పత్తి లెక్కలు ఇంట్లో తీరిగ్గా చేస్తే అన్నీ వస్తాయి. మాక్ టెస్టులో మాత్రం ఒక్కోదానికి రెండు నిమిషాలు దాటుతోంది. షార్ట్‌కట్ సూత్రాలు బట్టీ పట్టమంటారా?

జవాబు: వద్దు. తొలి దశ పరీక్ష ప్రిలిమ్స్‌లో లెక్కల విభాగమైన న్యూమరికల్ ఎబిలిటీకి 35 ప్రశ్నలు, 20 నిమిషాలు. ప్రశ్నకు సగటున 34 సెకన్లు. ఏ సూత్రం ఎక్కడ పనికొస్తుందో గుర్తు తెచ్చుకోవడానికే అందులో సగం పోతుంది. మీకు లెక్క వచ్చు కాబట్టి, ఆలస్యం బహుశా మొదలుపెట్టే తీరులో ఉంది. చదవగానే ఎక్స్, వై అనుకుని సమీకరణాలు రాయకండి. ఈ లెక్కలో మారనిది ఏమిటో ముందు వెతకండి.

తండ్రీకొడుకుల వయసుల నిష్పత్తి ఇప్పుడు 3:1, 12 ఏళ్ల తర్వాత 2:1 అనుకుందాం. ఎన్నేళ్లు గడిచినా ఇద్దరి వయసుల మధ్య తేడా మారదు. మొదటి నిష్పత్తిలో ఆ తేడా 2 భాగాలు, రెండోదానిలో 1. రెండోదాన్ని 4:2గా రాస్తే తేడాలు సమానమవుతాయి. ఇప్పుడు చూడండి, ఇద్దరూ ఒక్కో భాగం పెరిగారు. ఆ భాగమే 12 ఏళ్లు. తండ్రికి 36, కొడుకుకు 12. సమీకరణం అవసరమే రాలేదు.

పాలు, నీళ్లు 4:1లో ఉన్నాయి. 10 లీటర్ల నీళ్లు కలిపితే 3:2 అయింది. ఇక్కడ మారనివి పాలు. అందుకే వాటిని రెండుచోట్లా 12 చేయండి: 12:3, 12:8. నీళ్లలో పెరిగిన 5 భాగాలు 10 లీటర్లు, అంటే భాగానికి 2. పాలు 24 లీటర్లు.

విద్యార్థి తడబడేది ఎక్కువగా ఆదాయం, ఖర్చు లెక్క దగ్గరే. ఆదాయాలు 5:4, ఖర్చులు 3:2, ఇద్దరి పొదుపూ చెరి 4,000 రూపాయలు. పొదుపు సమానమైతే ఆదాయాల తేడా ఎంతో ఖర్చుల తేడా అంతే. రెండు నిష్పత్తుల్లోనూ తేడా ఒక్క భాగమే కాబట్టి రెండిటిలోనూ భాగం విలువ సమానమే. 5లోంచి 3 పోతే 2 భాగాలు, అవి 4,000. ఆదాయాలు 10,000, 8,000. పొదుపులు వేరువేరుగా ఇస్తే ఈ దారి పనిచేయదు, సమీకరణాలే రాయాలి. అలాంటిదాన్ని గుర్తుపెట్టుకుని ముందుకు వెళ్లండి. ఆ విభాగం సమయం ముగిసేలోగా వెనక్కి రావచ్చు. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది కనుక ఊహించి జవాబు పెట్టకండి.

కొన్నిటికి ఆప్షన్లే దారి చూపుతాయి. తరగతిలో బాలబాలికలు 7:4 అయితే మొత్తం 11 గుణిజమే కావాలి. 140, 154, 160, 170 ఇస్తే 154 తప్ప మరొకటి కుదరదు. అయితే ఇది మనుషుల్లాంటి పూర్ణసంఖ్యలకే నమ్మదగింది. డబ్బు, లీటర్లు భిన్నాల్లోనూ ఉండవచ్చు.

సాధనకు కొత్త పుస్తకం కొనక్కర్లేదు. పాత మాక్ టెస్టుల్లోని నిష్పత్తి ప్రశ్నలు తీసి, లెక్క చేయకుండా, ఒక్కోదాని పక్కన మారనిది ఏమిటో మాత్రం రాసుకోండి. అది తడుముకోకుండా రాయగలిగాక గడియారం పెట్టి చేయండి. పరీక్షను తెలుగులో రాసే వీలుంది. తెలుగు ఎంచుకునేటట్లయితే ఈ సాధన కూడా తెలుగు ప్రశ్నలతోనే చేయండి.