ఎజీనా కొండ మీద పాడుబడ్డ ఊరు: చూడాలా, వద్దా?

ప్రశ్న: ఏథెన్స్ ట్రిప్‌లో మాకు ఒక రోజు ఖాళీ ఉంది. దగ్గర్లోని ఎజీనా దీవిలో పాలియోహోరా అనే మధ్యయుగాల నాటి పాడుబడ్డ ఊరు ఉందని చదివాను. మావారేమో "రాళ్ల గుట్టలు చూడ్డానికి ఓడెక్కి వెళ్లాలా?" అంటున్నారు. నిజంగా చూసేంత ఉందా? మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు ఎక్కగలరా?

జవాబు: తప్పకుండా వెళ్లండి. మీవారి మాటలో కొంత నిజం లేకపోలేదు, ఇళ్లు దాదాపుగా కూలిపోయాయి. కానీ కొండవాలు నిండా ముప్పైకి పైగా చిన్న చిన్న చర్చిలు ఇంకా నిలబడే ఉన్నాయి. ఒకప్పుడు 365 ఉండేవని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

9వ శతాబ్దంలో సముద్రం మీంచి వచ్చిపడే దాడులు తట్టుకోలేక, తీరంలో ఉండే జనం ఓడల్లోంచి చూస్తే కనిపించని ఈ కొండ మీదికి చేరారు. దాదాపు వెయ్యేళ్లు దీవికి ఇదే ముఖ్యపట్టణం. అంత దాక్కున్నా 1537లో ఒట్టోమన్ నౌకాదళ నాయకుడు బార్బరోసా ఊరిని దోచి, జనాన్ని బానిసలుగా పట్టుకుపోయాడు. పాపం, మళ్లీ కట్టుకున్నారు. 19వ శతాబ్దం మొదట్లో ఆ భయం తగ్గాక మెల్లగా రేవుకు దిగిపోయారు. 1828లో కొత్తగా ఏర్పడుతున్న గ్రీసు దేశానికి తాత్కాలిక రాజధాని అయింది ఆ రేవు పట్నమే.

చాలామంది గబగబా పైనున్న కోటకు ఎక్కేసి, ఫొటో తీసుకుని దిగిపోతారు, నాకది అస్సలు నచ్చదు. అసలు చూడాల్సింది దారి పొడుగునా ఉన్న చర్చిల లోపల, గోడల మీది పాత బొమ్మలు. తలుపు తెరిచి ఉంటే తల వంచి లోపలికి వెళ్లి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగండి. ముందు చెమ్మకు ఉబ్బిన సున్నం కనిపిస్తుంది, తర్వాత అందులోంచే ఒక సన్యాసి ముఖం, వెలిసిన ఎర్రటి అంగీ మడతలు ఒక్కొక్కటే తేలతాయి. గోడల్ని ముట్టుకోకండి, ఫ్లాష్ వాడకండి. ఆ రంగులు పోతే మళ్లీ రావు. బయటికొచ్చాక తలుపు మూయడం మరిచిపోవద్దు.

మీ అత్తగారికి టెన్షన్ వద్దు. కొండ కింద ఉన్న ఒకటి రెండు చర్చిలు చూసి, పక్కనే ఉన్న సెయింట్ నెక్టారియోస్ మఠంలో కూర్చోవచ్చు. అక్కడ భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు ఉండాలి. పైకి వెళ్లేది మాత్రం జారే రాళ్ల బాట, నీడ తక్కువ, కాబట్టి మంచి బూట్లు, నీళ్లు ఉండాల్సిందే. ఎండాకాలమైతే పొద్దున్నే ఎక్కేయండి.

ఏథెన్స్ పక్కనే ఉన్న పిరేయస్ రేవు నుంచి పెద్ద ఫెర్రీలో గంటంపావు పడుతుంది. ఎజీనాలో దిగి అయియా మరీనా వెళ్లే బస్సెక్కి మఠం దగ్గర దిగితే చాలు. తిరుగు బస్సు ఎన్నింటికో డ్రైవర్‌ని అప్పుడే అడిగేయండి.