జర్మన్ అక్షరాలు నేర్చుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి విజయకు అత్త ఆశీస్సులు.

జర్మన్‌లో మొదటి మెట్టు ఏ వన్ క్లాసులు మొదలయ్యాయని, అప్పుడే వ్యాకరణం గురించి టెన్షన్ పడుతున్నావని మీ నాన్న చెప్పాడు. వ్యాకరణం ఎక్కడికీ పోదు. ముందు కొన్నాళ్లు అక్షరాల మీద కూర్చో. ఏ వన్ మౌఖిక పరీక్షలో పరిచయం చేసుకోగానే ఏదో ఒక పేరు అక్షరం అక్షరం చెప్పమంటారు. ఇక్కడికి, జర్మనీకి వచ్చాక అపాయింట్‌మెంట్ కోసం ఎక్కడికి ఫోన్ చేసినా అదే అడుగుతారు.

అక్షరాలు చూడ్డానికి కొత్తవేం కావు. మనకు తెలిసిన 26, వాటితోపాటు పైన రెండు చుక్కలున్న ఏ, ఓ, యూ, ఇంకా ఎస్‌త్సెట్ (ß) అనే అక్షరం ఒకటి. చిక్కల్లా పేర్లతోనే. నీ పేరు ఇంగ్లిష్‌లో రాసి చూడు: ఫౌ, ఈ, యోట్, ఆ, ఉప్సిలోన్, ఆ. మొదటిసారి చూసినవాళ్లు దాన్ని 'వియాయా' అని చదివినా ఆశ్చర్యపోకు. ఇంగ్లిష్ వీ ఇక్కడ ఫౌ, డబ్ల్యూ ఇక్కడ వే. ఎక్కువ దెబ్బతీసేవి మాత్రం అచ్చులే. ఇంగ్లిష్ 'ఏ' ఇక్కడ 'ఆ', ఇంగ్లిష్ 'ఈ' ఇక్కడ 'ఏ', ఇంగ్లిష్ 'ఐ' ఇక్కడ 'ఈ'. నువ్వు అలవాటుకొద్దీ 'ఈ' అంటే అవతలివాళ్లు 'ఐ' రాసేసుకుంటారు, ఫారంలో పేరు మారిపోతుంది. ఇంట్లోవాళ్ల పేర్లు, బస్సుల మీది ఊళ్ల పేర్లు, కనిపించినవన్నీ ఇలా పైకి చదువు.

ఫోన్‌లో సరిగ్గా వినపడకపోతే 'బి ఫర్ బాంబే' అన్నట్టు చెప్పుకోవడానికి వీళ్లకూ ఒక పట్టిక ఉంది. పాతదానిలో ఎక్కువగా మనుషుల పేర్లు: ఆంటోన్, బెర్టా. 1934లో నాజీలు అందులోంచి దావీద్, నాథన్ లాంటి పేర్లు యూదులవని తీసిపారేశారు. నాథన్ స్థానంలో పెట్టిన నార్ట్‌పోల్ (ఉత్తర ధ్రువం) రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక కూడా ఎన్నో ఏళ్లు అలాగే ఉండిపోయింది. 2022లో వచ్చిన కొత్త పట్టికలో ఊళ్ల పేర్లు పెట్టారు. అది సరైన పనే అనిపిస్తుంది నాకు. పెద్దవాళ్లు ఇంకా పాతవే చెబుతారు కాబట్టి రెండూ చెవిన వేసుకో.

ఇక అసలు సంగతి. జర్మన్‌ని ఇంగ్లిష్ నోటితో చదవకు, తెలుగు నోటితో చదువు. ఇంగ్లిష్ జెడ్‌ని ఇక్కడ త్సెట్ అంటారు. దాని పలుకు నీకు ఎప్పుడో వచ్చు. చలి, చుక్క, చాప అనేటప్పుడు వచ్చే దంత్య చకారం, పాత పుస్తకాల్లో ౘ అని రాసేది, అదే ఇది. చక్కెరని ౘుకర్ అంటారు, ఇబ్బందే లేదు. కానీ తెలుగులో ఇ, ఎ ముందు ఆ పలుకు రాదు, మామూలు చ అయిపోతుంది. అందుకే గదిని ౘిమర్ అనాల్సినచోట మన నోట చిమ్మర్ అనో జిమ్మర్ అనో వచ్చేస్తుంది. 'చలి' అనబోయి ఆగి, నాలుక పళ్ల వెనక ఎక్కడ ఆనిందో చూసుకో. అక్కడినుంచే 'ఇ' పలుకు. ౘి, ౘే. పదిని ౘేన్ అంటారు.

చుక్కల యూ కోసం 'ఈ' అంటూ, నాలుక కదపకుండా పెదాలు మాత్రం 'ఊ'కి చుట్టినట్టు చుట్టు. చుక్కల ఓ కోసం 'ఏ' అంటూ పెదాలు 'ఓ'లాగా పెట్టు. అద్దం ముందు చెయ్యి. నర్సువి కాబట్టి నీకు ఇది చాలా ముఖ్యం. రోగిని ఒంట్లో ఎలా ఉందని అడగడానికి ఫ్యూలెన్ అనే మాట కావాలి. దగ్గరగా ఉంటుందని అలా రాశాను, యకారం పలకకు. అచ్చు పొట్టిదైతే అది 'నింపడం' అవుతుంది. ఆ రెండో మాటలో రెండు ఎల్‌లు ఉన్నాయని మన ద్విత్వంలా ఒత్తకు. ముందున్న అచ్చు హ్రస్వమని అది గుర్తు, అంతే. అచ్చు తర్వాత హెచ్ ఉంటే అది పలకదు, అచ్చుని దీర్ఘం చేస్తుంది.

మాట చివర మనకు తెలియకుండానే చిన్న ఉకారం వస్తుంది, దాన్ని పట్టుకుని ఆపు. పైగా చివర బ, డ, గ రాసినా ప, ట, క అనే పలకాలి. కుక్కని డీతో రాస్తారు, హుంట్ అంటారు. 'హుండు' అంటే రెండు తప్పులు ఒకేసారి.

ఇంగ్లిష్ ఈ (e), ఐ (i) అక్షరాలు పక్కపక్కన వస్తే రెండో అక్షరం ఇంగ్లిష్ పేరు పలుకు, ఇంగ్లిష్ పనికొచ్చేది ఇక్కడే. వియన్నా నగరం వీన్, తాగేది వైన్. సీహెచ్‌కి రెండు పలుకులు. ఆ, ఓ, ఊల తర్వాత గొంతులో గాలి ఒరుసుకుంటూ వస్తుంది, 'ఖ' కాదు. ఈ, ఏల తర్వాత నాలుక 'య'కి పెట్టి, గొంతు మోగకుండా గాలి ఊదు. ఇది కాగితం మీద రాదు, డాయిచ వెలె అనే జర్మన్ ప్రసార సంస్థ ఉచిత పాఠాలు విని వెంటనే అనిచూడు.

గొంతులోంచి 'ర' రావడం లేదని బాధపడకు. ఇక్కడి బవేరియా రాష్ట్రంలో చాలామంది మనలాగే నాలుక కొసతో పలుకుతారు, వాళ్లదీ జర్మనే.

అంకెలు ఇందులో ఇరికించను. ఇరవై ఒకటిని వీళ్లు 'ఒకటీ ఇరవై' అంటారు, దానికి ఇంకో ఉత్తరం రాస్తాను. ఈలోపు ఫ్యూలెన్, ౘిమర్, హుంట్ రికార్డు చేసి పంపు.

మీ అత్త