మాన్యువలా, ఆటోమేటికా? స్పోర్ట్స్ కార్ల మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. కొందరు ప్రశ్న అడిగారు, కొందరు ఏకంగా పోట్లాటకే దిగారు. అందుకే ఈసారి పేజీ మొత్తం గేర్‌బాక్స్‌కే ఇచ్చేశాం.

ప్రశ్న: ఆటోమేటిక్‌కి పికప్ ఉండదు, స్పీడు కావాలంటే మాన్యువలే అని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. మా తమ్ముడేమో ఇప్పుడు ఆటోమేటికే ఫాస్ట్ అని ఒకటే వాదన. ఎవరిది కరెక్ట్?

మీ తమ్ముడిదే కరెక్ట్. మీరు విన్నదీ అబద్ధం కాదు, కాకపోతే అది పాతకాలం మాట. ఒకప్పటి ఆటోమేటిక్‌లో మూడో నాలుగో గేర్లుండేవి, ఇంజిన్ శక్తిలో కొంత లోపలి ఆయిల్‌ని తిప్పడానికే ఖర్చయిపోయేది, గేరు మారడానికి అది తీసుకునే టైమ్ తీసుకునేది. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు.

2021లో వచ్చిన 992 తరం పోర్షే 911 జీటీ3ని చూడండి. ఇంజిన్ అదే, 510 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలమానం) పవర్ అదే, గేర్‌బాక్స్ ఒక్కటే మీ ఇష్టం. కంపెనీ లెక్క ప్రకారం 0 నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి పీడీకే, అంటే పోర్షే వాళ్ళ డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్, 3.4 సెకన్లు తీసుకుంటుంది, 6 గేర్ల మాన్యువల్‌కి 3.9 పడుతుంది. అర సెకను కాగితం మీద చిన్నదే, కానీ రెండు బండ్లు పక్కపక్కన బయల్దేరితే తేడా కళ్ళకి కనిపించేంత ఉంటుంది. 2023లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం2కి ఆటోమేటిక్‌లో 4.1, మాన్యువల్‌లో 4.3 అని చెప్పారు. తేడా తగ్గింది, అయినా ముందున్నది ఆటోమేటికే.

కారణం సూటిగా ఉంది. మాన్యువల్‌లో గేరు మార్చాలంటే యాక్సిలరేటర్ వదలాలి, క్లచ్ తొక్కాలి, గేరు వేయాలి, క్లచ్ వదిలి మళ్ళీ యాక్సిలరేటర్ ఇవ్వాలి, ఎంత చేయి తిరిగిన డ్రైవరైనా సరే ఆ కాసేపూ చక్రాలకి ఇంజిన్ శక్తి అందదు. ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో ఉన్న బండి అయితే ఇంకో నష్టం కూడా, యాక్సిలరేటర్ వదలగానే టర్బో ప్రెషర్ పడిపోతుంది, మళ్ళీ పుంజుకోవాలి. డ్యూయల్ క్లచ్‌లో 1, 3, 5, 7 గేర్లు ఒక క్లచ్ మీద, 2, 4, 6 ఇంకో క్లచ్ మీద ఉంటాయి. మీరు మూడులో వెళ్తుండగానే నాలుగో గేరు అవతల పడి రెడీగా ఉంటుంది, ఒక క్లచ్ వదులుతుండగా రెండోది పట్టేస్తుంది, మధ్యలో శక్తి తెగిపోయే సందర్భమే రాదు. ఇక నిలబడ్డ చోటు నుంచి బయల్దేరడం సంగతి. లాంచ్ కంట్రోల్, అంటే బయల్దేరేటప్పుడు ఇంజిన్‌నీ క్లచ్‌నీ కంప్యూటరే సర్దే ఏర్పాటు, ప్రతిసారీ ఒకేలా వదులుతుంది, మన కాలు అలా కాదు, ఒకసారి టైర్లు గిర్రున తిరుగుతాయి, ఇంకోసారి ఇంజిన్ నీరసపడుతుంది.

రేసుల్లో ఈ గాలి 1989లోనే మళ్ళింది. స్టీరింగ్ వెనక పాడిల్స్, అంటే వేళ్ళతో గేరు మార్చే మీటలు, పెట్టుకుని వచ్చిన ఫెరారీ 640 తన మొదటి ఫార్ములా వన్ రేసునే, బ్రెజిల్‌లో, నైజెల్ మాన్సెల్ చేతిలో గెలిచింది.

ఒక చిన్న మాట. అదే జీటీ3కి టాప్ స్పీడ్ చూస్తే మాన్యువల్‌కి 320, పీడీకేకి 318. మాన్యువల్ అభిమానులు ఈ రెండు కిలోమీటర్లు పట్టుకుని వాదిస్తుంటారు. ఆ అంకె గేరు ఎంత వేగంగా మారుతుందో చెప్పదు, దాన్ని వదిలేయండి.

ప్రశ్న: డ్యూయల్ క్లచ్ అంత గొప్పదైతే బీఎండబ్ల్యూ ఎం కార్లలో దాన్ని తీసేసి మళ్ళీ టార్క్ కన్వర్టర్ ఎందుకు పెట్టారు? ఇది వెనక్కి నడవడం కాదా?

మంచి ప్రశ్న, దీని మీద చాలామందికి అపోహ ఉంది. టార్క్ కన్వర్టర్ అంటే ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం. ఆ పేరు వినగానే పాత బద్ధకపు ఆటోమేటిక్ గుర్తొస్తుంది, కానీ ఇప్పటి వాటిలో బండి కదిలిన కొద్దిసేపటికే లాకప్ క్లచ్ పడిపోయి ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌తో నేరుగా కలిపేస్తుంది, ఆయిల్ మీద జారడం దాదాపు బయల్దేరేటప్పుడు మాత్రమే. జడ్‌ఎఫ్ కంపెనీ 8 గేర్ల ఆటోమేటిక్ ఇలాంటిదే. బీఎండబ్ల్యూ ఒక్కటే కాదు, ఆడీ ఆర్‌ఎస్6, ఆల్ఫా రోమియో జూలియా క్వాడ్రిఫోలియో, టయోటా సుప్రా కూడా దాన్నే వాడాయి. గేరు మారే వేగంలో డ్యూయల్ క్లచ్‌కి చాలా దగ్గరగా వచ్చేసింది. దానికితోడు భారీ టార్క్‌ని, అంటే ఇంజిన్ తిప్పే బలాన్ని, తేలిగ్గా మోస్తుంది, పార్కింగ్‌లో అంగుళం అంగుళం కదిపేటప్పుడు జర్క్ ఉండదు. ఎం5లో 2017 తరం నుంచి, ఆ తర్వాత ఎం3లో, డ్యూయల్ క్లచ్ పోయి ఇది రావడం వెనక్కి నడవడం కానే కాదు.

అలాగని డ్యూయల్ క్లచ్ పని అయిపోయిందనీ కాదు. ట్రాక్ మీద, ఇంజిన్ ఎర్ర గీత (అది తిరగగలిగే గరిష్ఠ వేగం) దగ్గర తిరుగుతున్నప్పుడు, పాడిల్ నొక్కగానే ఠక్కున పడే ఆ గేరులో ఉన్న కచ్చితత్వం నాకు ఇప్పటికీ టార్క్ కన్వర్టర్‌లో దొరకదు. డ్యూయల్ క్లచ్‌కి ఒక బలహీనత ఉంది, తర్వాత ఏ గేరు కావాలో అది ముందే ఊహించాలి. పై గేరు సిద్ధం చేసుకుని కూర్చున్నప్పుడు మీరు ఉన్నట్టుండి కింది గేరు అడిగితే ఒక్క క్షణం తడబడుతుంది.

ప్రశ్న: పాడిల్స్ ఉన్నాయి, 'ఎం' (మాన్యువల్) మోడ్ ఉంది. ఇక అది మాన్యువల్ కిందే లెక్క కదా?

కాదండీ. ఎప్పుడు మార్చాలో మీరు చెప్తున్నారు, మార్చే పని కంప్యూటర్ చేస్తోంది. అది తప్పేం కాదు, కానీ క్లచ్ ఎక్కడ పడుతుందో కాలికి తెలియడం, లివర్ గాడిలో పడ్డది చేతికి తెలియడం అందులో లేవు.

ప్రశ్న: రోజూ ఆఫీసుకి ట్రాఫిక్‌లో నడపాలి, అప్పుడప్పుడు ట్రాక్‌కి తీసుకెళ్ళాలి, ఉండేది ఒకటే కారు. మావారు ఆటోమేటిక్ తీసుకోమంటున్నారు, నాకు మాన్యువల్ మీదే మనసు. ఏం చేయమంటారు మేడమ్?

మనసు మాన్యువల్ మీద ఉంటే అదే తీసుకోండి. కానీ ముందు ఒక పని చేయండి. టెస్ట్ డ్రైవ్‌ని ఖాళీ రోడ్డు మీద కాకుండా బాగా రద్దీ ఉన్న టైమ్‌లో, కనీసం ముప్పావుగంట, ఆగుతూ కదులుతూ చేయండి. పవర్ ఎక్కువున్న కార్లలో క్లచ్ కొంచెం బరువుగా ఉంటుంది, కొన్నింటిలో పెడల్ చాలా పైన పడుతుంది. మోకాలు నొప్పి పెట్టకపోతే, చిరాకు రాకపోతే, ఇక ఎవరి మాటా వినక్కర్లేదు. నొప్పి పెడితే మాత్రం పంతానికి పోవద్దు, రోజూ నరకంగా ఉండే బండి ట్రాక్ మీద ఎంత బాగున్నా నెమ్మదిగా దాని మీద ప్రేమ పోతుంది.

ఒకవేళ డ్యూయల్ క్లచ్ వైపు మొగ్గితే ఈ సంగతి తెలిసి ఉండాలి. బంపర్ టు బంపర్ ట్రాఫిక్‌లో బ్రేకు కొంచెం కొంచెం వదులుతూ పాకిస్తుంటే, లోపల కంప్యూటర్ హాఫ్ క్లచ్ మీదే నడుపుతున్నట్టు లెక్క. క్లచ్ వేడెక్కుతుంది, ఆయిల్‌లో మునిగి ఉండే వెట్ క్లచ్ తట్టుకుంటుంది కానీ డ్రై క్లచ్‌కి కష్టం. ముందు బండి కాస్త దూరం జరిగాక ఒక్కసారే కదలండి, ఆగినప్పుడు బ్రేకు పూర్తిగా తొక్కి ఉంచండి, ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టడం అస్సలు వద్దు.

ట్రాక్ విషయంలో మాన్యువల్‌కి ఉన్న పెద్ద ప్రమాదం చాలామంది చెప్పరు, నేను చెప్తాను. మూడు నుంచి నాలుగుకి లాగబోయి కంగారులో రెండులో వేసి క్లచ్ వదిలేస్తే, చక్రాలు ఇంజిన్‌ని దాని పరిమితి దాటించి తిప్పేస్తాయి. ఇంజిన్ అతిగా తిరగకుండా చూసే రెవ్ లిమిటర్ ఏమీ చేయలేదు, అది పెట్రోల్ ఆపగలదు గానీ చక్రాలని ఆపలేదు కదా. వాల్వులు వెళ్ళి పిస్టన్లకి తగిలితే ఇంజిన్ పోయినట్టే. ఆటోమేటిక్ అలాంటి గేరు అడిగితే ఒప్పుకోదు. కాబట్టి మొదట్లో ట్రాక్ మీద లివర్‌ని బిగించి పట్టుకోకండి, అరచేతితో మెల్లగా తోయండి. నాలుగో గేరుకి నేరుగా కిందికి లాగండి, న్యూట్రల్ దగ్గర స్ప్రింగ్ దానంతట అదే మధ్య గాడిలోకి తెస్తుంది.

ప్రశ్న: కొత్త మాన్యువల్ కార్లు కింది గేరు వేసేటప్పుడు వాటంతట అవే ఇంజిన్ రేజ్ చేస్తున్నాయి. అలాంటప్పుడు మాన్యువల్ కొని లాభమేంటి?

దీన్ని రెవ్ మ్యాచింగ్ అంటారు, 2009 మోడల్ నిస్సాన్ 370జెడ్‌తో మొదలైంది. కింది గేరులో ఇంజిన్ ఎక్కువ వేగంగా తిరగాలి. ఆ వేగం ముందే అందించకుండా క్లచ్ వదిలితే బండి కుదుపుతుంది, మలుపు ముందు గట్టిగా బ్రేకు మీద ఉన్నప్పుడైతే వెనక చక్రాలు పట్టు తప్పవచ్చు కూడా. అందుకే పాతవాళ్ళు కుడికాలి ముందు భాగంతో బ్రేకు తొక్కుతూనే అదే కాలి పక్క భాగంతో యాక్సిలరేటర్‌ని ఒక్కసారి తట్టే 'హీల్ అండ్ టో' నేర్చుకునేవాళ్ళు.

నా సలహా, కొత్తలో ఆన్‌లో ఉంచి ఎంత రేజ్ అవుతోందో చెవితో వినండి, తర్వాత ఆఫ్ చేసి మీరే ప్రయత్నించండి, చాలా కార్లలో ఆఫ్ చేసే వీలుంది. వచ్చాక అది ఇచ్చే తృప్తి ఇంకెందులోనూ లేదు. ఆన్‌లో ఉంచుకున్నా క్లచ్, లివర్ మీవే కాబట్టి లాభం లేదనడం మాత్రం అన్యాయం.

ప్రశ్న: ఇంత తేడా ఉన్నా కంపెనీలు మాన్యువల్ ఎందుకు ఇస్తున్నాయి? ఎలక్ట్రిక్ వచ్చాక ఇదంతా ఉంటుందా?

అడిగేవాళ్ళున్నారు కాబట్టి ఇస్తున్నాయి. 2013లో జీటీ3ని పోర్షే పీడీకేతో మాత్రమే తెచ్చింది, టైమింగే ముఖ్యం అనుకుంటే ఆ నిర్ణయం సరైనదే, అయినా అభిమానులు ఊరుకోలేదు. 2016లో మాన్యువల్‌తో మాత్రమే 911 ఆర్ వచ్చింది, 2017లో జీటీ3లోకి మాన్యువల్ తిరిగొచ్చింది. టయోటా సుప్రా 2019లో ఆటోమేటిక్‌తోనే వచ్చి 2022లో మాన్యువల్ ప్రకటించింది. కార్ల డిజైనర్ గోర్డన్ ముర్రే తన టీ.50 కారుకి 12,100 ఆర్‌పీఎం వరకూ తిరిగే వీ12 ఇంజిన్ పెట్టి, పక్కన 6 గేర్ల మాన్యువల్ పెట్టాడు. మరోవైపు 2020 మోడల్ కార్వెట్ సీ8 నుంచి మాన్యువల్ పూర్తిగా పోయింది.

కొనేముందు ఒకటి చూసుకోండి. కొన్నిసార్లు మాన్యువల్‌తో తక్కువ పవర్ ఉన్న వెర్షనే ఇస్తారు. ఇప్పటి తరం బీఎండబ్ల్యూ ఎం3 వచ్చినప్పుడు మాన్యువల్‌కి 480 పీఎస్ పవర్, 550 న్యూటన్ మీటర్ల టార్క్, ఆటోమేటిక్ ఉన్న కాంపిటీషన్ వెర్షన్‌కి 510, 650.

ఎలక్ట్రిక్ మోటార్ సున్నా నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది, చాలావాటికి ఒక్క గేరు చాలు, పోర్షే టైకాన్ వెనక ఇరుసుకి మాత్రం రెండున్నాయి. హ్యుందాయ్ అయోనిక్ 5 ఎన్ అయితే 8 గేర్ల డ్యూయల్ క్లచ్‌ని అనుకరిస్తుంది, పాడిల్ నొక్కితే కుదుపు, శబ్దం, లిమిటర్ తగలడం అన్నీ సాఫ్ట్‌వేరే చేస్తుంది. దాన్ని బొమ్మ అని కొట్టిపారేయను, మలుపు దగ్గర ఎంత వేగంలో ఉన్నామో చెవికి తెలియడం నిజంగా ఉపయోగమే. అయినా అందులో క్లచ్ లేదు, ఎడమకాలికి పని లేదు. మీకు కావాల్సింది ఆ పనే అయితే ఇప్పుడు మాన్యువల్ ఇస్తున్న మోడల్స్‌లోనే వెతుక్కోండి, వచ్చే తరంలోనూ ఉంటుందిలే అనుకుని ఆగకండి.